సంతకం నేర్పిన బడి చట్టం కూడా నేర్పాలి



వంటా వార్పూ ముగించుకుని, పిల్లల్ని బడికి పంపి, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఇలాంటి వేళ చట్టం గురించి మాట్లాడతానంటే "ఏ పచ్చళ్ల సంగతో చెప్పక ఈ కోర్టు గొడవ మనకెందుకమ్మా?" అంటారేమో! నిజమే, చట్టమనగానే మన కళ్లముందు మెదిలేది నల్లకోటు వకీలు, వాయిదాలు, చేతి చమురు వదిలించే ఖర్చు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన పెద్దల సామెత కూడా వుంది. నేనూ మీలాంటి గృహిణినే. పదో తరగతితో చదువు ఆపినదాన్ని, వకీలును కాను. అయినా ఈ సంగతి ఎత్తుకోవడానికి కారణం వుంది. మనం కోర్టు గడప తొక్కినా తొక్కకపోయినా, చట్టం మాత్రం ఎప్పుడో మన గడప దాటి లోపలికి వచ్చి కూర్చుంది. బిడ్డ జనన ధ్రువపత్రం, పెళ్లి వయసు, ఇంటి పట్టా, అద్దె కాగితం, బ్యాంకు పుస్తకం, మొన్న అంగట్లో కొన్న మిక్సీ తాలూకు బిల్లు, ఇవన్నీ చట్టంతో ముడిపడినవే కదా!

"నాకు ఆ సంగతి తెలియదండీ" అంటే చట్టం ఒప్పుకోదు. దేశంలో వున్న ప్రతి మనిషికీ చట్టం తెలుసుననే లెక్కమీదనే న్యాయస్థానాలు నడుస్తాయి. సరే, తెలిసి వుండాలన్నప్పుడు, తెలియజెప్పే చోటు కూడా ఒకటి వుండాలి కదా! ఆ చోటు బడి తప్ప మరేముంది? మన పిల్లలు వృత్తం వైశాల్యం లెక్కకడతారు, ఆమ్లాలకీ క్షారాలకీ తేడా చెప్తారు. ఎంతో సంతోషం. అదే పిల్లను పిలిచి "ఖాళీ కాగితం మీద సంతకం పెడితే ఏమవుతుందే?" అని అడగండి. తెల్లమొహం వేస్తుంది. సంతకం చెయ్యడం నేర్పిన బడి, ఆ సంతకం విలువ కూడా నేర్పాలన్నదే ఈ రోజు నేను మీతో చెప్పదలచుకున్న మాట.

సాంఘిక శాస్త్రం పుస్తకాల్లో ప్రాథమిక హక్కులు, పార్లమెంటు, న్యాయస్థానాల పాఠాలు లేకపోలేదు. కానీ పిల్లలు వాటిని అయిదు మార్కుల ప్రశ్నగానే బట్టీపడుతున్నారు. సి.బి.ఎస్.ఇ. వారు 2013లో పదకొండో తరగతికి లీగల్ స్టడీస్ అనే ఐచ్ఛిక పాఠ్యాంశం ప్రవేశపెట్టారు. మంచి పనే. కానీ మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో పదో తరగతితోనే చదువు ఆగిపోయే ఆడపిల్లలున్నారు. పదకొండో తరగతిలో, అదీ ఇష్టమైనవాళ్లకే చెప్పే పాఠం ఆ పిల్లలకు ఎలా అందుతుంది? అందుకే ఈ చదువు పదో తరగతి లోపలే, అందరికీ కావాలి.

కాగితం చదవలేకపోతే ఏమవుతుందో మన ఉత్తర తెలంగాణకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం, ఆయన అనుచరులు నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొమ్మని ఆ తర్వాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయి గ్రామంలో నివాసమున్నారు. తరతరాలుగా సాగుచేసుకున్న భూములు గోండుల చేజారిపోతున్నాయి. పైనుంచి వచ్చినవాళ్ల పేర్లు రికార్డులకెక్కుతున్నాయి. గోండుల దగ్గర కాగితం లేదు, వున్నా అందులో ఏముందో చదువుకునే చదువు లేదు. అందుకే 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టారు. వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేశారు. బెట్టీగారు 1987లో హైదరాబాదులో కన్నుమూస్తే ఆమెను తెచ్చి మార్లవాయి మట్టిలోనే సమాధి చేశారు. భూమి నిలబడాలంటే పట్టా ఒక్కటే చాలదనీ, పట్టా చదివే పిల్లలు కూడా ఇంట్లో వుండాలనీ ఆ రోజుల్లోనే గ్రహించారన్నమాట.

ఆ తర్వాత గట్టి చట్టాలే వచ్చాయి. గిరిజనుల భూమి అన్యాక్రాంతం కాకుండా 1959లో చేసిన నిబంధనలను 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970లో వాటిని మరింత బిగించారు. మనవాళ్లు 'ఒకటి బై డెబ్బయి' అని పిలిచే చట్టం ఇదే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి వుంటే, అది గిరిజనుడి దగ్గరనుంచి వచ్చిందనే ముందుగా అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత ఆ గిరిజనేతరుడిదే అని ఆ చట్టం చెప్తుంది. ఇంత గట్టి చట్టం వుండి కూడా భూమి గోడు తీరలేదు. 1981 ఏప్రిల్ 20న భూమి సమస్యల మీద సభకని ఇంద్రవెల్లికి వచ్చిన గోండులపై పోలీసు కాల్పులు జరిగాయి. చట్టం పుస్తకంలో వున్నంత మాత్రాన హక్కు నడిచి ఇంటికి రాదు. హక్కుదారుకు అది తెలియాలి, అడిగే నోరుండాలి, విని అమలు చేసేవాళ్లుండాలి. ఈ మూడింటిలో బడి చెయ్యగలిగింది మొదటిది. అదయినా చెయ్యాలి కదా!

"గిరిజనుల సంగతి సరే, పట్నంలో వుండే మనకేమిటి?" అంటారా? మన ఇళ్లల్లో జరిగేదే చూద్దాం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి ఇచ్చిన జన్మహక్కు కూతురికి ఇవ్వలేదు. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం 1986లో సవరణ తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేటట్టుగా, కూతురికీ సమాన హక్కు ఇచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి పెళ్లయినా కాకపోయినా కూతురు కొడుకుతో సమానమేనని కేంద్ర చట్టం వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికే వుండాలన్న షరతు అక్కర్లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతి ప్రకారం జరిగిపోయిన పంపకాలను మాత్రం కదపడానికి లేదు. ఇది హిందూ కుటుంబాల సంగతి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల వారసత్వ నియమాలు వేరు. అవి కూడా ఆ యింటి ఆడపిల్లలకు తెలియవలసినవే.

ఇప్పుడు రిజిస్ట్రారు ఆఫీసు ముందు జరిగేది ఊహించుకోండి. "చెల్లే, గీడ ఒక్క సంతకం పెట్టు, జల్ది పోదాం" అంటాడు అన్న. పెట్టినింటి మీద మమకారం, పుట్టింటి దారి మూసుకుపోతుందేమోనన్న భయం. చెల్లెలు చదవకుండానే పెట్టేస్తుంది. అది హక్కు విడుదల దస్తావేజని తర్వాతెప్పుడో తెలుస్తుంది. అన్నకు కష్టకాలమైతే తన వాటా వదులుకునే చెల్లెళ్లున్నారు. వాళ్ల మనసు గొప్పది, కాదనను. కానీ నాకింత వున్నదని తెలిసి ఇచ్చినప్పుడే అది ఇవ్వడమవుతుంది. తెలియక సంతకం పెడితే పోగొట్టుకోవడమే అవుతుంది. ఈ తేడా తెలిస్తే చాలు, తర్వాత ఇస్తుందో వుంచుకుంటుందో ఆ పిల్ల ఇష్టం.

చట్టంలో మనవాళ్లు ఎప్పుడూ మరిచిపోయేది గడువు. 2006లో చేసిన బాల్య వివాహాల నిషేధ చట్టం 2007 నవంబరు 1 నుంచి అమల్లో వుంది. పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేసిన ఆడపిల్ల, ఆ పెళ్లి తనకు వద్దనుకుంటే జిల్లా కోర్టులో అర్జీ పెట్టుకుని రద్దు చేయించుకోవచ్చు. అయితే మేజరయిన రెండేళ్లలోగా, అంటే ఇరవై ఏళ్లు నిండేలోగానే ఆ అర్జీ పడాలి. ఒక్కసారి ఆలోచించండి. పదిహేనో ఏట బడి మాన్పించి పెళ్లి చేసిన పిల్లకు, తనకిలాంటి దారి వుందని ఇరవయ్యో ఏటిలోగా ఎవరు చెప్తారు? అత్తవారు చెప్తారా? పెళ్లి చేసిన పుట్టింటివారు చెప్తారా? బడి మానకముందే టీచరమ్మ చెప్పి వుండాలి. ఆ పాఠం చెవిన పడిన పిల్ల, పెళ్లి మాట ఎత్తగానే 1098కి ఫోను చేసి తన పెళ్లి తానే ఆపుకోగలుగుతుంది కూడా.

ఇంకొక సంగతి. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లను మీరంతా చూసే వుంటారు. 1966లో బీడీ కార్మికుల కోసం చేసిన చట్టం, ఇంటి దగ్గర కూర్చుని చుట్టే స్త్రీని కూడా కార్మికురాలుగానే లెక్కించింది. ఇంటి దగ్గర చుట్టేవాళ్లకూ ప్రావిడెంట్ ఫండు వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. నాకు తెలిసిన ఒక బీడీల అక్క ఒకసారి అన్నది: "మా బిడ్డె తొమ్మిది సదువుతుందమ్మా. బీడీల లెక్క మంచిగ జేస్తది. గా పి.ఎఫ్. కాయిదం వస్తె మాత్రం దానికీ తెల్వకపాయె, నాకూ తెల్వకపాయె." ఆ పిల్లకు లెక్కలొచ్చు, చదవడం వచ్చు. ఆ కాగితంలోని మాటలకు అర్థం చెప్పినవాళ్లు మాత్రం లేరు. తొమ్మిదో తరగతిలో వారానికి ఒక్క గంట ఆ మాటలకు కేటాయించి వుంటే తల్లి కష్టార్జితం లెక్క బిడ్డే చూసుకునేది.

పోలీసు స్టేషను మాటకొస్తే మనకు గుండె దడ. ఆ దడ తీరాలంటే కొన్ని సంగతులు తెలియాలి. ఫిర్యాదు నమోదు చేసుకున్నాక ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఫిర్యాదు చేసినవారికి ఉచితంగా ఇవ్వాలి. నేరం ఎక్కడ జరిగినా, దగ్గరున్న ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. స్త్రీని సాక్షిగా విచారించాలంటే ఆమె ఇంటికే రావాలి గాని స్టేషనుకు రమ్మని పిలవకూడదు. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చెయ్యకూడదు. మరీ తప్పనిసరైతే మహిళా అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇవన్నీ వున్నాయి. ఇందులో మన ఆడపిల్లకు అర్థం కానిదేముంది చెప్పండి? ఎక్కాలకంటే కష్టమా?

చట్టం చదవడమంటే హక్కుల చిట్టా వల్లెవెయ్యడం ఒక్కటే అనుకోకండి. మన బాధ్యతలు కూడా అందులోనే వున్నాయి. అంట్లు తోమడానికి పదేళ్ల పిల్లను పెట్టుకుని "పాపం, బువ్వ పెడుతున్నాం గదా" అనుకునే ఇళ్లు మన పట్నాల్లో వుండేవి. ఇళ్లల్లో పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనికి పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు 10 నుంచి నిషేధించారు. 2016 సవరణతో ఆ వయసు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. సొంత ఇంటి పనిలో, బడి వేళలు పోను చేసే సాయానికి మినహాయింపు వుంది. ఈ పాఠం బళ్లో విన్న మన పిల్లవాడు ఇంటికొచ్చి "అమ్మా, ఆ పిల్ల బడికెందుకు పోదు?" అని అడిగితే మనం జవాబు చెప్పుకోవలసి వస్తుంది. అడగనివ్వండి. అలా అడిగే పిల్లలే మనకు కావాలి.

చట్టం చదివినవాళ్లు దానికి తలవంచడమే కాదు, అది తప్పుగా వున్నప్పుడు నిలదీయగలుగుతారు కూడా. ఆదిలాబాదు నుంచి పెన్‌గంగ, ప్రాణహిత దాటితే మహారాష్ట్ర. అప్పటి చంద్రపూర్ జిల్లా దేశాయిగంజ్ పోలీసు ఠాణాలో 1972లో ఒక గిరిజన బాలికపై పోలీసులే అత్యాచారం చేశారన్న కేసు నడిచింది. ఆ పిల్ల ప్రతిఘటించిన గుర్తులు లేవంటూ 1978లో సుప్రీంకోర్టు నిందితులను విడిచిపెట్టింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు, ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, ఆ తీర్పును తప్పుబడుతూ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఊరూరా మహిళా సంఘాలు కదిలాయి. 1983లో చట్టమే మారింది. పోలీసు నిర్బంధంలో వున్న స్త్రీ "నా సమ్మతి లేదు" అంటే కోర్టు ఆ మాటనే ముందుగా నమ్మాలని కొత్త నియమం వచ్చింది. ఆ లేఖ రాసిన నలుగురూ పాఠాలు చెప్పుకునే పంతుళ్లేనన్న సంగతి మరిచిపోవద్దు.

"ఇప్పటికే పిల్లల పుస్తకాల సంచి మోయలేకుండా వుంది, ఇంకో సబ్జెక్టా?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. నేనడిగేది లావుపాటి పుస్తకం కాదు, ర్యాంకుల పోటీ అసలే కాదు. ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా వారానికో గంట. ఆ గంటలో కాగితాలు చదవడం, వయసులూ గడువులూ తెలుసుకోవడం, ఏ కష్టానికి ఏ ఆఫీసు మెట్లెక్కాలో తెలుసుకోవడం. ఏడాదికోసారి జిల్లా కోర్టుకు తీసుకెళ్లి చూపిస్తే ఆ నల్లకోట్ల భయమూ పోతుంది. పిల్లలే జడ్జీలు, వకీళ్లు, సాక్షులై తరగతిలో ఒక కేసు నడిపితే నాటకం ఆడినంత సరదాగా నేర్చుకుంటారు.

"చట్టం నేర్పితే పిల్లలు ఎదురు తిరుగుతారు, సంసారాలు కోర్టుకెక్కుతాయి" అనే పెద్దవాళ్లూ వున్నారు. నాకయితే అలా తోచదు. బియ్యంలో రాళ్లు ఏరి గాని ఎసట్లో పొయ్యం మనం. అన్నంలో రాయి పంటి కింద పడ్డాక ఎవరిని తిట్టి ఏం లాభం? కోర్టుకెక్కిన తగాదాల్లో ఎన్నో చదవకుండా పెట్టిన సంతకంతోనో, రశీదు తీసుకోకుండా ఇచ్చిన డబ్బుతోనో మొదలైనవే. ముందుగా తెలిసినవాళ్లకు కోర్టు మెట్లెక్కే అవసరం తగ్గుతుందే గాని పెరగదు.

"చెప్పేవాళ్లేరీ?" అన్నది మరో ప్రశ్న. అమెరికాలో వాషింగ్టన్ నగరంలో 1972లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం లా విద్యార్థులు బళ్లకు వెళ్లి, నిత్యజీవితంలో పనికొచ్చే చట్టం పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 'స్ట్రీట్ లా' అని దానికి పేరు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. ఇంగ్లండులో పౌర విద్యను 2002 నుంచి ఉన్నత పాఠశాలల్లో తప్పనిసరి చేశారు. మనకేం తక్కువ? హన్మకొండలో కాకతీయ విశ్వవిద్యాలయం వారి లా కాలేజీ వుంది. 2016 అక్టోబరు 11న మన పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు చిన్న జిల్లాలుగా విడిపోయాయి. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులూ వచ్చాయి. నిర్మల్‌లోనైనా, మంచిర్యాలలోనైనా, పెద్దపల్లిలోనైనా వకీళ్లకు కొదవ లేదు. నెలకో రోజు బడికి రమ్మంటే రాకపోరు.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను, కాగితం మీద రాసి పెట్టుకోండి. 1987లో చేసి, 1995 నవంబరు 9 నుంచి అమల్లోకి తెచ్చిన న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తారు. షెడ్యూల్డు కులాలు, తెగలవారికీ అంతే. భర్తకు ఎంత జీతమొస్తుందో, పుట్టింటికి ఎంత పొలముందో ఎవరూ అడగరు. జిల్లా కోర్టు ఆవరణలో ఆ సంస్థ కార్యాలయం వుంటుంది. 15100 అనే నంబరుకు ఫోను చేసినా సలహా చెప్తారు. ఈ సంస్థ వారు బళ్లలో న్యాయ విజ్ఞాన సదస్సులు కూడా పెడుతుంటారు. మీ పిల్లల బడికి రమ్మని ప్రధానోపాధ్యాయులతో ఒక ఉత్తరం రాయించండి. తల్లిదండ్రుల సమావేశమనగానే మార్కుల గురించే మాట్లాడి వచ్చేస్తాం మనం. ఈసారి వెళ్లినప్పుడు ఈ మాట కూడా అడగండి. ఒక్కరడిగితే విని వూరుకుంటారు, పదిమంది తల్లులు అడిగితే ఆలోచిస్తారు.

బడి మొదలుపెట్టేదాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బీరువాలోని కాగితాల సంచి బయటికి తియ్యండి. పట్టా పుస్తకం, బీమా పత్రం, బ్యాంకు పుస్తకం, కరెంటు బిల్లు పిల్లల ముందు పెట్టి చదివించండి. ఏ కాగితం ఎవరి పేరున వుందో, ఎప్పటిదాకా చెల్లుతుందో వాళ్లనే చెప్పమనండి. కొన్న వస్తువు చెడిపోతే వినియోగదారుల కమిషనుకు రెండేళ్లలోగా వెళ్లవచ్చుననీ, అందుకు బిల్లు దాచుకోవాలనీ చెప్పండి. అర్థం కాని మాట వస్తే ఒక నోటు పుస్తకంలో రాయించి, మరునాడు టీచరును అడగమనండి. కొడుకునూ కూతురునూ పక్కపక్కనే కూర్చోబెట్టి చేయించండి సుమా! చెల్లెలి హక్కేమిటో అన్నకు చిన్నప్పుడే తెలిస్తే, రేపు రిజిస్ట్రారు ఆఫీసులో "సంతకం పెట్టు" అనేముందు "చదువుకో చెల్లే" అంటాడు.

మరి ఈ ఆదివారం మొదలుపెడతారు కదూ!

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)